నా చార్జ్‌షీట్ నేనే టైపు చేసిన

పదిహేడేండ్లు ఫౌజుల ఉండి వచ్చిన. ఇప్పుడు నిజామాబాద్‌ల ఎవరన్న "మీరు మిలట్రీ అంటగద సార్, బార్డర్ల ఎంతమందిని కాల్చిండ్రు?" అని అడిగితే ఏం చెప్పాల్నో తెల్వక నవ్వుత. నేను కాల్చింది ఫైరింగ్ రేంజ్‌ల, అదీ అట్టబొమ్మల్ని. మిగిలిన దినాలన్ని నా చేతుల ఉన్నది కీబోర్డు, స్టాప్లర్, రబ్బరు స్టాంపు. నేను క్లర్కును. సిపాయి క్లర్కు.

మా ఊరు కోటగిరి దిక్కు, కాలువ కింద. బాపు చెరుకు పెట్టెటోడు. బోధన్‌ల చక్కెర ఫ్యాక్టరీ ప్రైవేటోల్ల చేతులకు పోయి పైసలు ఆగవట్టినంక కొన్నేండ్లు దూరం ఫ్యాక్టరీలకు పంపి, పంపలేక వరికి మారిండు. నేను గప్పుడు డిగ్రీ చదువుతున్న. భర్తీ ర్యాలీల పరుగుల బొటాబొటిన గట్టెక్కిన, రాతపరీక్షల మాత్రం ముందుకొచ్చిన. టైపు వచ్చు గనుక క్లర్కు కింద తీసుకున్నరు. ఊర్ల ఈ ముచ్చట ఎవరికీ చెప్పలే. అందరు నేను తుపాకి పట్టెటందుకే పోతున్న అనుకున్నరు. అవ్వ ఏడ్చింది. బాపు ఏడ్వలేదు గని బస్సు కదిలెదాంక నా సంచి విడువలే.

యూనిట్‌ల నా పనులల్ల ముఖ్యమైనది స్టాండింగ్ ఆర్డర్లు టైపు చేసుడు. ఆఫీసరు ఎదురుంగ నిలవడి "గిది చెయ్" అంటె అది ఆ పూటతోని అయిపోయే హుకుం. స్టాండింగ్ ఆర్డర్ గట్ల కాదు. ఒక్కసారి కాయితం మీద వడ్డదంటే రద్దు చేసెదాంక ఉంటది. సంతకం పెట్టిన ఆఫీసరు బదిలీ అయి పోతడు, హుకుం ఆడనే ఉంటది. చెప్పులతోని మెస్సుకు పోవద్దు నుంచి మొదలువెట్టి ఆయుధాలు దాచే గది, కోత్ అంటరు, దాని తాళం ఎవరి దగ్గర ఉండాలె అనేదాంక, అన్నిటికీ ఒక ఆర్డర్ ఉంటది. వారానికోసారి రోల్‌కాల్‌ల అందర్ని నిలవెట్టి హిందీల చదివి వినిపించాలె. విన్నోల్లందరు రిజిస్టర్‌ల సంతకం పెట్టాలె. సంతకం పెట్టినంక "నాకు తెల్వదు సాబ్" అనెటందుకు ఉండదు.

చదివేటోణ్ని నేనే. వినేటోల్లు ఆవులించెటోల్లు. నాకు గది చూసి లోపల మస్తు కోపమచ్చేది. నేను అంత కష్టపడి పేరాలకు నంబర్లు వేస్తే, వీల్లు నిలవడి నిద్రవోతరేందని.

ఒక ఏడు జులై నెలల ఫోన్ల మీద కొత్త ఆర్డర్ వచ్చింది. ఫలానా ఫలానా యాప్‌లు ఫోన్ల ఉండొద్దు. యూనిఫాం మీద, యూనిట్ గేటు, బోర్డు కనవడేటట్టు దిగిన ఫోటోలు ఎవరికీ పంపొద్దు, ఉన్నయి గూడ తీసెయ్యాలె. టైపు చేసిన, చదివి వినిపించిన. ఒక్కొక్కల్లను పిలిచి ఫోన్ చూసి ఫోటోలు తీసేపిచ్చిన. కొందరు బతిమిలాడిండ్రు. "హుకుం హుకుమే" అన్న. రిజిస్టర్‌ల మొదటి సంతకం నాదే.

నా ఫోన్ల మాత్రం ఒక ఫోటో ఉండిపోయింది. ప్రమోషన్ కేడర్ పరీక్ష పాసైన దినం గేటు ముందర దిగింది. మరిచిపోయిన అని తర్వాత చాలామందికి చెప్పిన. నిజానికి మరువలే. నేను చిన్నప్పట్నుంచి ఏ ఫోటోల మంచిగ పడలే. ఆ ఒక్కదాంట్ల ఛాతి బయటికొచ్చి, టోపీ వంకర లేకుంట, నిజంగ సిపాయి లెక్క కనవడ్డ. తీసేద్దామని రెండుసార్లు ఫోను పట్టుకున్న, రెండుసార్లు జేబుల వెట్టుకున్న.

ఆగస్టుల సెలవు మీద ఇంటికొచ్చిన. మా అక్కను బోధన్‌ల ఇచ్చినం. బావది ఆడ ఎరువుల దుకాణం. అప్పటికే వార్డు కౌన్సిలర్‌గ నిలవడాలె అని బావకు మనసుల వడ్డది. నేను వచ్చిన రెండో దినమే మా ఊరికొచ్చిండు.

"బామ్మర్ది, డ్రెస్సు మీద ఉన్న ఫోటో ఒకటి పంపు. అక్క ఫోన్ల పెట్టుకుంటదట."

"డ్రెస్సు మీదివి పంపొద్దు బావ, మాకు ఆర్డర్ ఉన్నది."

"అక్కకు గూడ ఆర్డరేనా? అక్క ఏమన్న పాకిస్తానా?"

పంపిన. అక్కకే గదా అనుకున్న.

మూడో దినం బోధన్‌ల పాత బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీ లేచింది. "దేశమాత ముద్దుబిడ్డ, మన వీరజవాన్‌కు స్వాగతం" అని రాసి ఉన్నది. నడిమిట్ల నేను, నా ఎనుక మా యూనిట్ గేటు, గేటు మీద మా యూనిట్ పేరు అక్షరం అక్షరం. కింద కుడి దిక్కు దండం వెడుతున్న బావ. బావ మొఖం నా మొఖం కంటె పెద్దగున్నది.

అప్పుడే తీసేపిచ్చి ఉంటె ఎట్లుండెనో. నేను తీసేపియ్యలే. బావ మీద గొంతు లేపిన మాట నిజమే. ఆయన "గింత ప్రేమతోని వెడితే గట్లంటవేంది" అని మొఖం చిన్నజేసుకున్నడు. తెల్లారి కూరగాయలు తెస్త అని చెప్పి బోధన్ పోయి ఫ్లెక్సీని ఇంకోసారి చూసొచ్చిన. బాపు గూడ ఎవరికీ చెప్పకుంట పోయి చూసొచ్చిండట. చెరుకు బండ్లు తోలుకపోయిన తొవ్వల కొడుకు బొమ్మ లేచిందని ఆయన సంబురం. ఆ సంబురం ముందట నాకు పేరాలు, నంబర్లు యాదికి రాలే.

ఎవరో ఆ ఫ్లెక్సీని ఫోటో తీసి బోధన్ యూత్ పేజీల వెట్టిండ్రు. ఆ పేజీల వచ్చేవి బర్రె తప్పిపోయింది, కరెంటు ఎప్పుడొస్తది, గీ ముచ్చట్లే. ఊరోల్లు గూడ సరిగ చూడరు. కని ఫౌజుల గిసొంటివి చూసెటందుకే ఒక శాఖ ఉన్నదని నాకు తెలుసు. ఆల్లకు పోయే ఉత్తరాలు టైపు చేసేది నేనే గదా.

సెలవు అయిపోయి యూనిట్‌కు చేరిన నాలుగో దినం సుబేదార్ సాబ్ పిలిచిండు. రాజస్థాన్ మనిషి, నెమ్మదస్తుడు. టేబుల్ మీద రంగుల ప్రింటు ఒకటి వెట్టిండు. మా ఆఫీసుల రంగు ప్రింటర్‌కు ఇంకు లేక నెలలైతున్నది. నా ఫ్లెక్సీ కొరకు ఎక్కడినుంచో తెచ్చిండ్రు.

"ఈ దండం వెడుతున్నాయన ఎవరు? లీడరా?"

"మా బావ సాబ్."

ఆయన ఆ ప్రింటును మస్తుసేపు చూసిండు. "మంచిగనే దిగినవ్," అన్నడు. "చార్జ్‌షీట్ వెయ్యాలె."

గిక్కడ ఒక చిక్కు వచ్చింది. హెడ్ క్లర్కు సెలవుల ఉన్నడు. చార్జ్‌షీట్ నమూనా తెలిసినోన్ని యూనిట్‌ల నేనొక్కణ్నే. సుబేదార్ సాబ్ చేతిరాత ముసాయిదా ఒకటి నా టేబుల్ మీద వెట్టి, నా మొఖం చూడకుంట, "సాయంత్రానికి కావాలె" అని పోయిండు.

కూసున్న. టైపు చేసుడు మొదలువెట్టిన. నా నంబరు, నా హోదా, నా పేరు. ఆర్మీ యాక్ట్ నలభై రెండో సెక్షన్, ఇ క్లాజు: హుకుం పాటించుట్ల నిర్లక్ష్యం. ఎదుట నిలవడ్డ ఆఫీసరు మాట కావాలని కాదంటె వేరే సెక్షన్ ఉన్నది, దానికి శిక్ష ఇంకా పెద్దది. నాది కాయితం మీది హుకుం, గనుక ఇది. కోర్టు మార్షల్ దాంక పోతే రెండేండ్ల వరకు జైలు వడొచ్చు. యూనిట్‌కు పెద్ద అయిన సీవో సాబ్ తన గదిలనే తేల్చేస్తే ఇరవై ఎనిమిది దినాలు మించవు. ఇవన్ని నాకు నోటికొచ్చు. వేరేటోల్లయి ఎన్ని టైపు చేసిన్నో లెక్కలేదు.

ఫోటో పంపిన తారీఖు దగ్గరికొచ్చి నా చెయ్యి ఆగింది. ముసాయిదాల నెల జాగల ఆరు అంకె ఉన్నది. జూన్. నేను పంపింది ఆగస్టుల. ఆర్డర్ వచ్చింది జులైల. అంటె ఈ కాయితం ప్రకారం, నేను హుకుం పుట్టకముందే హుకుం తప్పిన.

మీరు నమ్మినా నమ్మకున్నా, గది చూసిన మొదటి నిమిషంల నాకు వచ్చింది సంతోషం కాదు, చిరాకు. చార్జ్‌షీట్‌ల గిట్ల తప్పులు వెడితే పై ఆఫీసోల్లు యూనిట్‌ను ఏమంటరు అని. పెన్సిల్‌తోని ఆరు చుట్టు సున్న చుట్టి, లేచి, తిన్నగ, సీవో సాబ్ కాయితాలు చూసే అడ్జుటెంట్ సాబ్ గదిలకు పోయిన.

"సర్, ముసాయిదాల నెల తప్పు వడ్డది. ఆరు కాదు, ఎనిమిది."

ఆయన పడుచు ఆఫీసరు, నా కంటె చిన్నోడు. కాయితం చూసిండు, నన్ను చూసిండు, మల్ల కాయితం చూసిండు.

"ఈ చార్జ్‌షీట్ ఎవరి మీద?"

"నా మీదనే సర్."

"ఆర్డర్ ఏ నెలల వచ్చింది?"

"జులైల సర్."

ఆయన కుర్చీల ఎనుకకు వాలిండు. "నువ్వు జూన్ అనే టైపు చేసి తెస్తే నేను సంతకం వెట్టేటోన్ని. సీవో సాబ్ ముందట నువ్వు 'గప్పటికి ఆర్డరే లేదు సర్' అంటె, ఆ కాయితం ఆడనే చినిగిపోయేది. తెలుసా నీకు?"

గప్పుడు తెలిసింది. తలుపుకాడ నిలవడి తెలుసుకున్న. "తెలుసు సర్" అన్న గని అది అబద్ధం. నేను నిజాయితీగ చేసిన అని తర్వాత బారక్‌ల మస్తుమంది మెచ్చుకున్నరు, అంతకంటె ఎక్కువమంది తెలివితక్కువోడు అన్నరు. నిజాయితీ లేదు ఏం లేదు. చెయ్యికి అలవాటైన పని చెయ్యి చేసింది.

ఆయన ఎనిమిది అని దిద్ది, పక్కన చిన్న సంతకం వెట్టి ఇచ్చిండు. "మంచి క్లర్కువు," అన్నడు. ఆ మాట తిట్టా, పొగడ్తనా అని నేను ఇప్పటికీ తేల్చుకోలే.

తెల్లారి నన్ను సీవో సాబ్ ముందట నిలవెట్టిండ్రు. టోపీ తీసేపిచ్చిండ్రు, బెల్టు తీసేపిచ్చిండ్రు. అటొకడు ఇటొకడు నడుస్తుంటె, నడిమిట్ల నేను. బెల్టు లేకపోతే ప్యాంటు జారుతదేమోనని ఒకటే భయం. శిక్ష కంటె గదే పెద్దగ అనిపిచ్చింది.

సీవో సాబ్ చార్జ్ చదివిండు. సుబేదార్ సాబ్ సాక్షి, రిజిస్టర్ తెరిచి చూపిచ్చిండు.

"ఈ సంతకం నీదేనా?"

"నాదే సర్."

"ఆర్డర్ నీకు ఎవరన్న చదివి వినిపిచ్చిండ్రా?"

"నేనే చదివి వినిపిచ్చిన సర్. అందరికి."

సీవో సాబ్ కండ్లు దించి కాయితం మీద వెట్టిండు. పెదవి కొస జర కదిలినట్టు అనిపిచ్చింది. "సాక్షిని ఏమన్న అడుగుతవా?"

"ఏం లేదు సర్."

"మరి ఫోటో ఎందుకు పంపినవ్?"

ఎన్నో జవాబులు తయారు చేసుకొని పోయిన. నోట్లకెల్లి వచ్చింది మాత్రం ఒక్కటే. "బావ అడిగిండు సర్."

"నీ బావ నీ కమాండింగ్ ఆఫీసర్ కాదు," అన్నడు సీవో సాబ్. పద్నాలుగు దినాలు మిలిటరీ కస్టడీ. షీట్ రోల్, అంటె నా నౌకరి రికార్డు, దాని మీద ఎర్రసిరా ఎంట్రీ. గిసొంటివి నాలుగు వడితే నౌకరికెల్లి పంపొచ్చు. ఒక్కటి వడితే ప్రమోషన్ వరుసల ఎనుకకు పోతది.

క్వార్టర్ గార్డ్ అంటె యూనిట్ గేటు పక్కన ఉండే కాపలా గది. ఎనుక దిక్కు చిన్న సెల్లు. మొదటి రెండు దినాలు రోడ్డు పక్క రాళ్లకు సున్నం ఏపిచ్చిండ్రు. మూడో దినం నెలనెల పై ఆఫీసుకు లెక్కల రిటర్నులు పోవాల్సిన గడువు వచ్చింది. హెడ్ క్లర్కు ఇంకా రాలే. పొద్దుగాల తొమ్మిదింటికి ఒక సిపాయి రైఫిల్ వట్టుకొని వచ్చి నన్ను ఆఫీసుకు నడిపిచ్చిండు. నేను టైపు చేస్తుంటె తలుపుకాడ నిలవడ్డడు. పదిహేడేండ్ల నౌకరిల నాకు సాయుధ రక్షణ దొరికింది గప్పుడొక్కసారే. నా శిక్షను లెక్కలకెక్కించే ఆర్డర్ గూడ ఆ దినమే టైపు చేసిన. తారీఖులు రెండుసార్లు సరిచూసిన.

పద్నాలుగు దినాలు ఇంటికి ఫోన్ లేదు. అవ్వ ఆగక నా దోస్తు నంబరుకు చేసింది. వాడు నాందేడ్ దిక్కు మరాఠీ పిలగాడు, బోధన్ అంగడి తెలుగు నాలుగు ముక్కలు వచ్చు. నిజం చెప్పలేక, "స్పెషల్ డ్యూటీల ఉన్నడు అవ్వా, ఫోన్ బంద్" అన్నడు. అవ్వకు ధైర్యం వచ్చింది. ఆమె అక్కకు చెప్పింది, అక్క బావకు చెప్పింది. బావ బోధన్‌కు చెప్పిండు.

మల్ల నేను సెలవు మీద వచ్చేసరికి పసుపు తవ్వకాలు నడుస్తున్నయి. బోధన్ బస్టాండ్ల దిగితే హోటలాయన చాయ్ ఇచ్చి పైసలు తీసుకోలే. "ఏం చెప్పకుండ్రి సార్, మాకు తెలుసు" అని చెవుల చెప్పి పోయిండు. ఎవరికి ఏం తెలిసింది?

దుకాణానికి పోతే బావ ఫోన్ల రెండో ఫ్లెక్సీ డిజైను చూపెట్టిండు. ఈసారి నా చుట్టు మంచు కొండలు, హెలికాప్టర్. "రహస్య ఆపరేషన్ ముగించుకొని వచ్చిన" అని మొదలైంది. యూరియా బస్తాల నడుమ నిలవడి చెప్పేసిన.

"ఆపరేషన్ లేదు ఏం లేదు బావ. నన్ను పద్నాలుగు రోజులు లోపటేసిండ్రు."

"ఎందుకు?"

"మొదటి ఫ్లెక్సీకి."

బావ ఫోన్ గల్లాపెట్టె మీద వెట్టిండు. "నేను వెట్టిన ఫ్లెక్సీకి నిన్ను జైల్ల ఏసిండ్రా?"

"నువ్వు వెట్టినందుకు కాదు. నేను పంపినందుకు."

"పొగిడినా గూడ తప్పేనా బామ్మర్ది?"

"గేటు కనవడ్డది బావ. యూనిట్ ఏడున్నదో అందరికి తెలిసింది. పొగడ్తది కాదు కేసు."

ఆయన ఆ పూట అన్నం తినలే. అక్క నా మీదనే కోపానికొచ్చింది, "ముందే గట్టిగ వద్దనద్దా, నీకు నోరు లేదా" అని. నోరు ఉన్నది, వారానికోసారి రోల్‌కాల్‌ల గంట సేపు నడుస్తది అని చెప్పబోయి ఊకున్న.

అవ్వకు ఇంట్ల చెప్పిన. ఆమె చాటల బియ్యం చెరుగుతున్నది. చెయ్యి ఆపలే.

"కొట్టిండ్రా?"

"లే అవ్వ."

"బువ్వ వెట్టిండ్రా?"

"వెట్టిండ్రు. ఆఫీసు పని గూడ చేపిచ్చుకున్నరు."

"గట్లయితే అది జైలెట్ల అయితది బిడ్డా, నౌకరే గదా," అన్నది.

బాపు లేచి పొలం దిక్కు పోయిండు, చీకటి వడకముందే వచ్చి నా పక్కన కూసున్నడు. "రాస్తే రాసిండ్రు తీయ్," అన్నడు. ఎర్రసిరా గురించి గంతకంటె ఎక్కువ మాట్లాడలే.

బావ మాత్రం ఊకోలే. నేను యూనిట్‌కు పోయినంక పదిహేను దినాలకు ఒక కవరు వచ్చింది. యూనిట్‌కు వచ్చే ఉత్తరాలు తెరిచి రిజిస్టర్‌ల ఎక్కిచ్చేది నేనే. తెరిచిన. ఎరువుల దుకాణం లెటర్‌హెడ్, పైన పత్తి పువ్వు బొమ్మ. సీవో సాబ్‌కు క్షమాపణ, తెలుగుల. నంబరు వేసి, ఎక్కిచ్చి, పై సాబ్‌లకు పంపిన. దాచెటందుకు నాకు హక్కు లేదు.

గంటలోపల సీవో సాబ్ పిలిచిండు. "ఇది ఏ భాష?"

"తెలుగు సర్."

"యూనిట్‌ల చదివేటోల్లు ఎవరున్నరు?"

"నేనొక్కణ్నే సర్."

"చదివి చెప్పు."

సావధాన్‌ల నిలవడి చదివిన. హిందీల ఒక్కో వాక్యం చెప్పిన. "మహారాజశ్రీ సీవో గారికి. తప్పు నాది. మా బామ్మర్ది చిన్నప్పట్నుంచి భయస్తుడు. దీపావళికి పటాకులు కాలిస్తే మంచం కింద దూరెటోడు. గిసొంటోడు మీ మాట కాదనడు. నేనే మాయమాటలు చెప్పి ఫోటో తీసుకున్న. శిక్ష ఏమన్న మిగిలి ఉంటె నాకు వెయ్యగలరు. మీకు ఎప్పుడన్న ఎరువులు కావాల్సి వస్తే..."

అక్కడ ఆగిన.

"అంతేనా?"

"ఇంకో వాక్యం ఉన్నది సర్. తక్కువ ధరకు ఇస్తడట."

సీవో సాబ్ కిటికీ దిక్కు తిరిగిండు. భుజాలు కదిలినయి. మల్ల ఇటు తిరిగేసరికి మొఖం మామూలుగున్నది. "మంచం కింద దూరెటోనివా నిజంగ?"

"ఒక్కసారే సర్."

"ఫైల్ చెయ్," అన్నడు. ఫైల్ చేసిన. నా డిసిప్లిన్ ఫైల్లనే, చార్జ్‌షీట్ ఎనుక.

ఆ తర్వాత రోల్‌కాల్‌ల ఫోన్ ఆర్డర్ చదువుతుంటె ఒక్కడు ఆవులించలే. "ఈ హుకుం తప్పినోల్ల మీద చర్య ఉంటది" అనే వాక్యం రాంగనే నూరు జతల కండ్లు నా మీదికి తిరిగెటివి. శిక్ష వడ్డ క్లర్కు చదివితేనే ఆర్డర్ మనుషులకు ఎక్కుతదని సుబేదార్ సాబ్ కనిపెట్టిండు. సెలవుల ఉన్నప్పుడు తప్ప ఆ ఆర్డర్ నాతోనే చదివిపిచ్చిండు.

నాయక్ ప్రమోషన్ నా బ్యాచోల్లకంటె రెండేండ్లు ఆలస్యమైంది. నా కింద పని నేర్చుకున్నోడు నాకంటె ముందే నాయక్ పట్టీ పెట్టుకున్నడు, నాకు హుకుం ఇయ్యాల్సి వస్తదేమోనని వాడే నన్ను చూసి తొవ్వ మార్చుకునేటోడు. బావ వార్డు కౌన్సిలర్‌గ నిలవడి ఓడిపోయిండు. నా కేసు వల్ల కాదు, ఎదుటోడు మంచోడని.

రిటైరై వచ్చేటప్పుడు చేతుల డిస్చార్జ్ పుస్తకం వెడుతరు. దాంట్ల నడవడి అని ఒక గడి ఉంటది. ఏ మచ్చా లేనోల్లకు 'ఎగ్జెంప్లరీ' అని రాస్తరు. దానికి ఒక మెట్టు కింద 'వెరీ గుడ్'. నాకు వెరీ గుడ్ వచ్చింది. ఫౌజుల ఎవరు చూసినా, "ఏం చేసినవ్ భాయ్?" అని అడుగుతరు.

ఆ పుస్తకం వట్టుకొని నిజామాబాద్‌ల ఒక ప్రైవేటు కాలేజీకి క్లర్కు నౌకరికి పోయిన. సెక్రెటరీ సార్ పెద్దమనిషి. అద్దాలు సవరించుకొని పేజీ పేజీ తిప్పిండు. నడవడి గడి దగ్గర ఆగిండు.

"అబ్బో," అన్నడు. పక్క కుర్చీల ఉన్న ప్రిన్సిపాల్ దిక్కు పుస్తకం తిప్పిండు. "చూడుండ్రి సార్, వెరీ గుడ్ అని రాసిచ్చిండ్రు. మిలట్రోల్లు ఊకె రాస్తరా?"

ఆయన మాట సరిదిద్దెటందుకు నోరు తెరిచిన. మల్ల మూసుకున్న.

"సోమవారం నుంచి రండ్రి," అన్నడు సెక్రెటరీ సార్.